ఆపిన నోరు

ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికాను. ఆపడం అనేదానికి ఇంగ్లీషువాళ్లు రెండేసి చిన్న మాటలు జత చేసి ఎన్ని క్రియలు తయారు చేసుకున్నారో అన్నీ నల్లబల్ల మీద వరసగా రాసేవాణ్ణి. గివ్ అప్ అంటే ఇక మన వల్ల కాదని వదులుకోవడం. లీవ్ ఆఫ్ అంటే చేస్తున్న పని మధ్యలో చాలించడం. పుట్ ఆఫ్ అంటే ఇంకో రోజుకు తోసెయ్యడం. ఆ వరసలో కాల్ ఆఫ్ అనేది కూడా ఉంది. దాని దగ్గరికి వచ్చేసరికి సుద్దముక్క కింద పెట్టి, చేతులు దులుపుకుని, "ఇది మీరే పుస్తకంలో చూసుకోండి" అనేవాణ్ణి. నాకది రాదని పిల్లలు అనుకునేవాళ్లు. తనిఖీకి వచ్చిన ఒక పెద్దమనిషి కూడా అదే అనుకుని తన పుస్తకంలో ఏదో రాసుకుపోయాడు. రాసుకోనీలే అని ఊరుకున్నాను. ఆ మాట నాకు వచ్చినంత బాగా మా జిల్లాలో ఇంకెవరికీ వచ్చి ఉండదు.

యాభైలు అయిపోయి అరవైలు మొదలవుతున్న రోజులవి. నాకు ఇరవై మూడేళ్లు. మా నాన్న నెల్లూరులో రేకు పెట్టెలు చేసేవాడు. పొద్దున లేస్తే సుత్తి చప్పుడు, నిద్రపోతే చెవుల్లో సుత్తి చప్పుడు. దాన్నుంచి తప్పించుకోవడానికే ఇంగ్లీషు చదివానంటే అబద్ధం కాదు. చదివి, వాకాడు అవతల సముద్రపు ఒడ్డున ఒక హైస్కూలుకు టీచరుగా వెళ్లాను. పెళ్లికాని సాయిబుకు గది ఇవ్వడానికి ఊళ్లో పదిమంది పది సాకులు చెప్పారు. చివరికి ఇసకలో అరమైలు అవతల ఉన్న పట్టపోళ్ల పాళెంలో, చేపలవేటకు వెళ్లే ఒక మనిషి తన తాటాకు ఇంట్లో ముందు గది ఇచ్చాడు. సాకులు చెప్పినవాళ్ల మీద కోపం నాకిప్పటికీ పోలేదు. అయితే వాళ్లు గది ఇచ్చి ఉంటే ఇది రాసే అవసరం వచ్చేది కాదు.

ఆయనకు నలభై ఏళ్లుంటాయి. బండరాయి లాంటి మనిషి, గొంతు మాత్రం జలుబు చేసినట్టు బొంగురు. ఆయన భార్యను నేను అక్కా అనేవాణ్ణి. పిల్లలు లేరు. ఇద్దరూ నన్ను అయివారూ అనేవాళ్లు. సాయంత్రాలు ఆ ఇంటి పంచలో నలుగురు ఎస్సెల్సీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఆయన గుంజకు వల తగిలించుకుని, వెదురు సూదితో అల్లుకుంటూ చెవి ఇటు పడేసేవాడు. ఒక్క అక్షరం చదవడం రాదు గానీ ఏది చెప్పినా పట్టేసేవాడు.

ఒకరోజు కాల్ ఆఫ్ గురించి చెబుతున్నాను. వాన దానంతటదే ఆగితే అది కాల్ ఆఫ్ కాదురా అన్నాను. మొదలుపెట్టినవాళ్లో, పెత్తనం ఉన్నవాళ్లో నోటితో ఆపితేనే ఆ మాట వాడాలి. ఆటను, సమ్మెను, వెతుకులాటను కాల్ ఆఫ్ చేయవచ్చు. పిల్లలు దీన్నీ పుట్ ఆఫ్‌నూ కలిపేస్తుంటే విసుగొచ్చి, "పెళ్లి పుట్ ఆఫ్ అయితే పందిరి ఉంచుతారు. కాల్ ఆఫ్ అయితే పందిరి విప్పేస్తారు. ఇంతకంటే చెప్పడం నా వల్ల కాదు" అన్నాను.

గుంజ దగ్గర నుంచి పెద్ద నవ్వు వినిపించింది. ఆ రోజు నుంచి ఆయనకు ఆ మాట ఆటబొమ్మ అయిపోయింది. సముద్రం బాగా లేక వేటకు పోని రోజున నా గది తలుపు తట్టి, "అయివారూ, ఈ పూట ఏట కాలాఫ్!" అని అరిచేవాడు. పిల్లి పాలకుండ దగ్గరికి వచ్చినా కాలాఫ్ అనేవాడు. పాళెంలో అందరికీ ఆయన పిచ్చి తెలుసు.

కార్తీకమాసం చివర్లో ఒక తెల్లవారుజామున, తెప్ప మీదికి పోబోతూ నా కిటికీ దగ్గర ఆగాడు.

"అయివారూ, నాకొక అనుమానం. కాలాఫ్ చేసినదాన్ని మళ్లా మొదలుబెట్టేదానికి ఏ మాట ఉండాది?"

నాకు నిద్ర వదల్లేదు. "రేపు చెప్తాలే పో" అన్నాను.

"రేపు మర్చిపోబాకండి" అని పోయాడు. తెప్ప మీద తోడు వచ్చే మనిషికి జ్వరం తగలడంతో ఆ రోజు ఒంటరిగా పోయాడు.

మధ్యాహ్నానికి గాలి మొదలైంది. రెండు రోజులు కొట్టింది. వేటకు పోయిన మూడు తెప్పల్లో రెండు ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చి, వాటి మనుషులు నడిచి వచ్చారు. ఆయన రాలేదు.

గాలి తగ్గిన సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, అక్క తలకు స్నానం చేసి, సద్దికుండ ఒకటి చంకన పెట్టుకుని ఏటి మొగ దగ్గరికి బయలుదేరింది. ఏరు సముద్రంలో కలిసే చోటు అది. ఇసక తిన్నె అడ్డుపడి అక్కడ నీళ్లు నిదానంగా ఉంటాయి. పాళెం మొత్తం ఆమె వెనకాలే నడిచింది. ఎవరూ ఏడవడం లేదు. పడవలు కట్టే మొద్దు పక్కన నిలబడి, సముద్రం వైపు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని పిలిచింది.

"మావో..."

మొగుడి పేరు నోటితో అనకూడదు కదా. అందుకని ఆ ఒక్క మాటే. మూడుసార్లు పిలిచి, కుండ అక్కడే పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వచ్చింది. వచ్చాక ఇంత గంజి తాగింది. ఆ రోజుకు అదే తిండి.

పాళేనికి పెద్ద అయిన మనిషిని పెద్దకాపు అనేవాళ్లు. ఆ పిలుపు పద్ధతి ఏమిటో ఆయనే నాకు చెప్పాడు. సముద్రంలో పోయిన మనిషిని ఇంటి ఆడమనిషి ప్రతి సాయంత్రం ఒక సద్దికుండ తీసుకుపోయి పిలవాలి. ప్రతిరోజూ నిన్నటి కంటే ఒక అడుగు ముందుకు వేసి పిలవాలి. పిలుస్తున్నన్నాళ్లూ ఆ మనిషి ఉన్నట్టే లెక్క, ఆమె బొట్టూ గాజులూ ఉంటాయి. చాలు అని ఆమే నీళ్లలో నిలబడి మూడుసార్లు చెప్పి కుండ పగలగొడితే అప్పుడు పోయినట్టు.

"మనం చెప్పి ఆపించకూడదా?" అన్నాను.

"ఆ మాట ఇంకొకరు అనకూడదు అయివారూ. అంటే మనమే సంపినట్టు. ఆపిన నోటి మీద పడతాది ఆ మనిషి బరువు" అన్నాడు. నా ముఖం చూసి, "బయపడబాకండి. మొల లోతు కాడ సముద్రమే చాలంటాది. మా అమ్మల కాలం నుంచీ యా ఆడదీ మొల లోతు దాటి పోలేదు" అని కూడా చెప్పాడు.

ఆమె పిలిచే వేళా నేను మగ్రిబ్ నమాజుకు నిలబడే వేళా ఒకటే. గోడ అవతల నుంచి కాదు, ఫర్లాంగు దూరం నుంచి వచ్చేది ఆ పిలుపు. అయినా చాప కింద నుంచి వచ్చినట్టుండేది. ఎంతవరకు చదివానో మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. పైవాడికి నా మీద కోపం వచ్చి ఉంటుందని భయపడేవాణ్ణి.

తొమ్మిదో రోజుకు నీళ్లు ఆమె మోకాళ్లకు వచ్చాయి. ఆ రోజు మధ్యాహ్నం తాలూకా ఆఫీసు నుంచి తలారి ఒక కాగితం తెచ్చాడు. సర్కారు వాళ్లు లాంచీ తిప్పి కొన్నాళ్లుగా వెతికిస్తున్నారు. దాని గురించి రాశారు. కాగితం పెద్దకాపు పేరున ఉంది, రాసింది ఇంగ్లీషులో. మా పంచలోకే వచ్చారు అందరూ. అక్క గుంజ పట్టుకుని నిలబడింది, సగంలో ఆగిన వల పక్కన.

నాకొక పాడు అలవాటు ఉండేది. ఇంగ్లీషు కాగితం ఏది చేతికొచ్చినా ముందు గొంతెత్తి ఇంగ్లీషులో చదివి, జనం నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, అప్పుడు తెలుగులో చెప్పడం. ఆ రోజు కూడా అలాగే చదివాను. ఆ ఇంటి మనిషి సముద్రంలో పోయి తొమ్మిది రోజులైతే, నాకు నా ఉచ్చారణ ముఖ్యమైంది. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. చివరి వాక్యం దగ్గరికి వచ్చాను. ది సెర్చ్ హాజ్ బీన్ కాల్డ్ ఆఫ్. అది కూడా చదివేశాను. అప్పుడు తలెత్తి చూశాను.

"ఏందంట అయివారూ? ఏం రాసినారు?" అన్నాడు పెద్దకాపు.

అక్క నన్నే చూస్తోంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు, ఏమీ లేదు. వారం రోజులుగా ఒంటిపూట గంజి మీద బతుకుతున్న మనిషి. గుంజ పట్టుకున్న చేతికి గాజులు వదులైపోయి మోచేతి దాకా జారాయి. అవి పగిలే మాట నా నోటితో రావాలి. నాకు నోరు రాలేదు. అంతే సంగతి. దయ అనుకోండి, పిరికితనం అనుకోండి, నేను పిరికితనమే అంటాను.

"వాయిదా వేసినారంట పెద్దకాపూ. లాంచీ మరమ్మతు అయినాక మళ్లా వస్తాదంట" అన్నాను.

అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. అక్క మాత్రం నా ముఖం నుంచి చూపు తియ్యలేదు. చాలాసేపు చూసి, "అట్నా" అంది. లోపలికి పోయింది.

ఆ సాయంత్రమే మొదటిసారి బదులు వచ్చింది.

నేను నమాజు చాప మీద ఉన్నాను. ఆమె మూడో పిలుపు అయిపోయింది. మామూలుగా దాని తర్వాత అలల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆ రోజు ఇసక తిన్నె అవతల నుంచి "ఓ..." అని వినిపించింది. బొంగురుగా, పొట్టిగా ఉంది. దూరంగా ఉన్న మనిషి, చేతిలో పని వదలకుండా పలికినట్టు. చాప మీద నుంచి లేవకూడదని తెలిసి కూడా లేచాను. బయటికి వచ్చి చూస్తే ఒడ్డున ఉన్నవాళ్లంతా ఇసక వైపు తలలు వంచుకుని ఇళ్లకు వస్తున్నారు.

"ఆ చప్పుడేంది పెద్దకాపూ?" అని అడిగాను.

"గాలి" అన్నాడు.

ఆ పూట గాలి లేదు. కొబ్బరాకు కూడా కదలడం లేదు. సముద్రం మీద పుట్టి పెరిగిన మనిషి గాలి ఉందో లేదో తెలియక మాట్లాడడు.

మర్నాడు పొద్దున పంచలో ముఖం కడుక్కుంటూ వల వైపు చూశాను. ఆయన పోయిన రోజున వరస మధ్యలో సూది గుచ్చి వదిలేసి పోయాడు. నా కిటికీకి ఎదురుగా ఉండేది కాబట్టి ఆ చోటు నాకు బాగా గుర్తు. ఇప్పుడు సూది ఆ వరస చివర ఉంది. మరుసటి రోజుకు కింద కొత్త వరస మొదలైంది. ముడులు గట్టిగా, ఒకే కొలతలో ఉన్నాయి. మనసు బాగోలేక అక్క అల్లుకుంటోంది కాబోలు అనుకున్నాను.

"వల నువ్వు అల్లతా ఉండావా అక్కా?" అన్నాను.

ఆమె వాకిలి చిమ్మడం ఆపి నా వైపు తిరిగింది. "నాకు అల్లడం యాడొచ్చు? మీరే నేర్సుకుంటా ఉండారనుకున్నా అయివారూ" అంది.

ఇద్దరం వల వైపు చూడకుండా ఎవరి పనిలోకి వాళ్లం పోయాం. ఆ రోజు నుంచి నా కిటికీ రెక్క మూసే ఉంచాను. పిల్లలకు ట్యూషను కూడా బడిలోనే చెప్పడం మొదలుపెట్టాను. ఎందుకని అడిగితే వెలుతురు చాలడం లేదన్నాను. అబద్ధం ఒకటి మొదలుపెడితే అదే ఇంకోదాన్ని వెంటపెట్టుకొస్తుంది.

పదిహేనో రోజుకు మొల లోతు వచ్చింది. ఆ సాయంత్రం పాళెంలో ఇంట్లో ఉన్నవాళ్లు ఎవరూ లేరు. ముసలివాళ్లను కూడా ఎత్తుకొచ్చి ఒడ్డున కూర్చోబెట్టారు. ఆమె చాలు అంటుందని, అన్నాక పట్టుకుని తీసుకురావాలని నలుగురు ఆడవాళ్లు చీర కుచ్చెళ్లు దోపుకుని నీళ్ల అంచున సిద్ధంగా ఉన్నారు. ఆమె మూడుసార్లు పిలిచింది. తిన్నె అవతల నుంచి "ఓ..." అని వచ్చింది, మునుపటి కంటే దగ్గరగా. ఆమె కుండ నీళ్లలో వదిలి, వెనక్కి తిరిగి, ఎవరినీ చూడకుండా ఇంటికి నడిచింది. చాలు అనలేదు.

మర్నాడు మొల దాటింది. పెద్దకాపు బడి దాకా వచ్చి నన్ను బయటికి పిలిచాడు.

"లాంచీ ఎప్పుడొస్తాది అయివారూ?"

"వస్తాది" అన్నాను.

"సర్కారోడు ఎతకతానే ఉండాడంటే నేను ఆయమ్మకి ఏమని జెప్పేది? ఎతికేదుండంగా పిలుపు ఆపకూడదు. మొల దాటినాక నిదానం నీళ్లు కాదక్కడ. కింద గుంట ఉండాది. ఇంకో నాలుగు దినాలైతే మనిషి దక్కదు" అన్నాడు.

అప్పుడైనా చెప్పాలి. ఆయన చొక్కా పట్టుకుని, అబద్ధమాడాను, ఆపేశారు, అని చెప్పేస్తే సరిపోయేది. నేనేమో గంట కొట్టే వేళయిందని చెప్పి లోపలికి పోయాను. లోపల పిల్లలతో ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఒక్కటే గుర్తు, నల్లబల్ల మీద పొద్దున నేనే రాసిన వాక్యం ఒకటి తుడవకుండా ఉంటే, దాన్ని చెయ్యి పెట్టి తుడిచేశాను.

తర్వాత మూడు సాయంత్రాలు నేను ఒడ్డుకు పోలేదు. చెవుల్లో దూది పెట్టుకుని నమాజు చేశాను. దూది పెట్టుకున్నా వినిపించింది. ఆమె గొంతు రోజురోజుకూ సన్నబడుతోంది. ఆ రెండో గొంతు రోజురోజుకూ దగ్గరవుతోంది. ఆకలితో ఉన్న మనిషికి అన్నం పెట్టి పిలిచినట్టుగా ఉండేది ఆమె పిలుపు. ఆయన పలికే తీరులో మాత్రం ఏ తొందరా ఉండేది కాదు. దానికే నాకు అన్నిటికంటే భయం వేసింది.

ఇరవయ్యో రోజు ఎండ తగ్గేసరికి నాకు కాళ్లు నిలవలేదు. బడిలో ట్యూషను మధ్యలో వదిలేసి వచ్చేశాను. అప్పటికే ఆమె ఏటి మొగకు పోయింది. పరుగెత్తాను. ఇసకలో చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలియదు. ఒడ్డున జనం గుంపుగా నిలబడి ఉన్నారు. ఒక్కరు కూడా నీళ్లలో లేరు. పోటు నీళ్లు. ఆమె తల, భుజాలు మాత్రమే కనిపిస్తున్నాయి. కుండ పక్కన తేలుతోంది. రెండు పిలుపులు అయిపోయినట్టున్నాయి.

నాకు ఈత రాదు. రేకు పెట్టెల ఇంట్లో పుట్టినవాడికి ఈత ఎక్కడ నుంచి వస్తుంది? చొక్కా, పంచె అన్నిటితో నీళ్లలో దిగిపోయాను. వెనక నుంచి పెద్దకాపు, "అయివారూ! గుంట ఉండాది, గుంట!" అని కేకలు పెడుతున్నాడు. ఛాతీ దాకా నీళ్లు వచ్చేసరికి కాళ్ల కింద ఇసక జారడం తెలిసింది. ఆగిపోయి అక్కడి నుంచే అరిచాను.

"అక్కా! నేను అబద్ధం చెప్పినా. వాయిదా కాదు. ఆపేసినారు. ఆ కాయితంలోనే ఆపేసినారు. లాంచీ రాదు. ఎవరూ రారు. ఆపెయ్ అక్కా!"

ఆమె నా వైపు తిరిగింది. నీళ్లు ఆమె మెడను తాకుతున్నాయి. ఆశ్చర్యపోతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"తెలుసు అబ్బయ్యా" అంది.

ఆమె నన్ను అయివారూ అనకుండా పిలవడం అదే మొదలు.

"నువ్వు ఇంగ్లీషులో సదివినప్పుడే తెలుసు. పందిరి ఉంచితే పుటాఫు, పందిరి ఇప్పేస్తే కాలాఫు. ఆయన కూడు తింటా చెప్పి చెప్పి నవ్వేవోడు. నువ్వు సదివిన దాంట్లో కాలాఫే ఉండింది."

"మరి ఎందుకక్కా ఇట్టా..." అన్నాను ఎలాగో.

"నువ్వాయనకి అన్నవా, తమ్ముడివా? నీకే ఆ మాట చెప్పేదానికి నోరు రాలా. నాకెట్టొస్తాది?" అంది. కాసేపు ఊపిరి తీసుకుని, "ఎవురన్నా ఆపతారేమోనని దినామూ ఒక అడుగు నిదానంగానే ఏస్తా వచ్చినా. ఒక్కరూ ఆపలా" అంది.

ఆ మాటకు నేను ఏడ్చేశాను. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. పదకొండు రోజులు, రోజుకొక అడుగు, నా కోసమే ఆగి ఆగి నడిచింది ఆ మనిషి. నేను చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాను.

ఆమె సముద్రం వైపు తిరిగింది. మూడో పిలుపు పిలవలేదు. "చాలు మావా" అంది. మూడుసార్లు అంది. మూడోసారి గొంతు పూర్తిగా పోయింది, పెదాలు మాత్రం కదిలాయి. కుండను రెండు చేతుల్తో ఎత్తి, తన నుదుటికే కొట్టుకుని పగలగొట్టింది. అప్పుడు ఆడవాళ్లు దిగి ఆమెను పట్టుకున్నారు. నన్ను కూడా ఎవరో రెక్క పట్టుకుని లాగారు.

ఒడ్డుకు వచ్చాక పెద్దకాపు తన తలగుడ్డ విప్పి నా భుజాల మీద కప్పాడు. ఎవరికీ వినపడకుండా, "ఆపిన నోరు మీది అయివారూ. ఆయమ్మది కాదు, మాది కాదు" అన్నాడు. కోపంతో అనలేదు. లెక్క సరిచూసుకున్న మనిషిలా అన్నాడు.

మరునాడు ఆమెకు చేయవలసినవి చేశారు. ఆ గాజుల చప్పుడు నేను వినకూడదని బడికి పోయాను. వచ్చేసరికి ఆమె పంచలో గోడకు ఆనుకుని కూర్చుని అన్నం తింటోంది. ఇరవై రోజుల తర్వాత అన్నం. అది చూసి నా ప్రాణం కుదుటపడింది. తెప్పలు మళ్లీ వేటకు పోవడం మొదలుపెట్టాయి. అయిపోయిందనుకున్నాను.

మూడో రోజు దీపాలు పెట్టే వేళ, చాప పరుచుకుంటుండగా మొగ వైపు నుంచి "ఓ..." అని వినిపించింది.

ఈసారి అది బదులు కాదు. పిలిచినవాళ్లు ఎవరూ లేరు. కాసేపు ఆగి మళ్లీ పలికింది. ఇంతకుముందు లేని తొందర ఇప్పుడుంది. తనను పిలిచే మనిషి ఉన్నట్టుండి ఎందుకు మానేసిందో తెలియక, అటూ ఇటూ తిరుగుతూ పలుకుతున్నట్టుంది. పాళెంలో ఒక్కొక్క ఇంటి తలుపే మూసుకోవడం వినపడింది.

అక్క పంచలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. చేట ఆగింది. మళ్లీ కదిలింది. నా వైపు చూడకుండా, మామూలు గొంతుతో అంది.

"ఆయనకెవురు జెప్పినారు? పాపం, ఆయనింకా ఆపలా."

ఆమె పిలవకూడదు, చాలు అనేసింది. మిగతావాళ్లు పలకరు. మిగిలింది ఆపిన నోరు ఒక్కటే. చాప చుట్టి పక్కన పెట్టాను. నా కాళ్లు నన్ను మొగ దగ్గరికి ఎలా తీసుకుపోయాయో నాకు తెలియదు. భయం లేదని చెప్పను. పడవలు కట్టే మొద్దు పట్టుకుని, మోకాలి లోతు దాకా దిగాను. తిన్నె అవతల ఇంకా ఎర్రటి వెలుతురు ఉంది. నీళ్ల మీద ఏమీ లేదు.

"ఓ..." అని మళ్లీ వచ్చింది. చాలా దగ్గరగా.

దువా ఏదైనా చదువుదామని నోరు తెరిచాను. ఒక్కటీ గుర్తు రాలేదు. గుర్తొచ్చిన మాటనే, ఆయన నా తలుపు తట్టి అరిచినట్టే, గొంతు చించుకుని అరిచాను.

"ఈ పూట ఏట కాలాఫ్!"

సగంలో ఉన్న పలుకు అక్కడికక్కడే తెగిపోయింది. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపు నిలబడ్డాను. ఇక రాలేదు. మొద్దు వదిలి, వెనక్కి తిరిగి, రెండడుగులు వేశాను.

అప్పుడు నా వీపు వెనక, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, గట్టిగా కాదు, వల అల్లుకుంటూ అనుమానం అడిగేటప్పటి గొంతుతో వినిపించింది.

"అయివారూ."

ఆయన ఏమి అడుగుతాడో నాకు తెలుసు. రేపు చెప్తానని నేను వాయిదా వేసిన మాట అది. కాలాఫ్ చేసినదాన్ని మళ్లీ మొదలుపెట్టడానికి ఏ మాట ఉందో నాకు బాగా తెలుసు, నాలుక చివరే ఉంది. పెదాలు బిగించుకుని, వెనక్కి చూడకుండా నడిచాను.

పంచలో అక్క దీపం పెట్టి కూర్చుని ఉంది. వల గుంజకు అలాగే వేలాడుతోంది, సూది కదలకుండా.

"జెప్పినారా?" అంది.

"జెప్పినా అక్కా."

"ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలా. ఎళ్లిపోయినాడు" అన్నాను.

ఆమె తలూపి, చేటలోని రాళ్లు ఏరి వాకిట్లోకి విసిరి, లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ఆమెతో నేనాడిన రెండో అబద్ధం అది. ఆ ఒక్కటి ఆమెకు తెలియలేదు.